గేమ్ మాస్టర్ ఎంత చెప్పాలి?

"హేతువాద సంఘంలో ఉంటూ పిల్లల చేత పాచికలాడిస్తున్నారేమిటండీ?" అని ఈమధ్య ఒక మిత్రుడు దెప్పారు. దానికి జవాబు తేలిక. పాచిక అనగానే శకుని గుర్తుకొస్తే ఆ తప్పు పాచికది కాదు. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "ఆట మొత్తం మీ నోటిమాట మీదే నడుస్తుందట. మీరు గుహ ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. మరి మీకూ బాబాలకీ తేడా ఏమిటి?" అన్నారు. ఇది మాత్రం నిలబడి ఆలోచించాల్సిన ప్రశ్నే. నా జవాబు కొంచెం పెద్దది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివారి కోసం ముందు ఆట సంగతి. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట అచ్చువేశారు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. ఆయన ఒక చోటు, ఒక సందర్భం వర్ణిస్తాడు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర. "నేను తలుపు తోస్తాను", "నేను పారిపోతాను" అని తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం ఎటూ తేలనిచోట పాచిక వేస్తారు. అంతే. బోర్డు కూడా అక్కర్లేదు.

మా ఊళ్లో (2024 సెప్టెంబరు నుంచి దీని అధికారిక నామం శ్రీ విజయపురం. మా నోటికి ఇంకా పోర్ట్ బ్లెయిరే తిరుగుతోంది) ఆదివారం మధ్యాహ్నాలు హైస్కూలు పిల్లలు అయిదారుగురితో ఈ ఆట నడుపుతున్నాను. ఎక్కువమంది జంగ్లీఘాట్ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు. తాతల కాలంలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైచిలుకు అని తేలింది కాబట్టి తెలుగులో ఆటకి మనుషుల కొరత లేదు. మా ఆటలో డ్రాగన్లు లేవు. కాలం 1858. స్థలం రాస్ ఐలాండ్ (ఇదీ 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అయింది). పాత్రలు సిపాయి తిరుగుబాటులో పట్టుబడి ద్వీపాంతరం వచ్చిన ఖైదీలు. ఆ మార్చి 10న సెమిరామిస్ అనే ఓడలో రెండు వందల మందిని తెచ్చి దించారు గదా, వాళ్లు.

ఇక అసలు విషయం. గేమ్ మాస్టర్ ఎంత వర్ణించాలి?

ఈ ఆట ఆడేవాళ్లలో దీని మీద రెండు వర్గాలున్నాయి. మొదటిది ప్రబంధ వర్గం. మన ప్రబంధ కవులకి అష్టాదశ వర్ణనలు తప్పనిసరి కదా, పురం, సముద్రం, పర్వతం, ఋతువు, చంద్రోదయం అలా... వీళ్లూ అంతే. తలుపు తీస్తే చాలు, గోడ మీద నాచు దగ్గర నుంచి దూలం మీద సాలెగూడు దాకా ఏకబిగిన చదువుతారు. పాత ముద్రిత సాహసగాథల్లో పైకి చదవడానికని పేరాలకి పేరాలు డబ్బా కట్టి మరీ అచ్చువేసేవాళ్లు. రెండోది టెలిగ్రాం వర్గం. "గది. తలుపు. ఇద్దరు సిపాయిలు. ఏం చేస్తారు?" మిగతాది ఆటగాళ్లే ఊహించుకుంటారు అని వీళ్ల వాదన.

ప్రబంధం ఎందుకు పనికిరాదో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. చెవితో విన్నదాన్ని మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేది చాలా తక్కువ. 1956లో జార్జ్ మిల్లర్ ఏడుకి అటూ ఇటూగా అన్నాడు. 2001లో నెల్సన్ కొవాన్ అదంతా మళ్లీ పరిశీలించి నాలుగే అన్నాడు. పుస్తకంలో అయితే వెనక్కి తిప్పి చదవొచ్చు. ఆటలో ఎలా? పదో వాక్యం చెప్పేసరికి మొదటి వాక్యంలోని కత్తి ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఒకడు కిటికీ వైపు చూస్తుంటాడు, ఇంకొకడు పాచిక దొర్లిస్తుంటాడు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గేమ్ మాస్టర్ ఒక వస్తువు పేరెత్తాడంటే దానికేదో పని ఉందని ఆటగాళ్లు అనుకుంటారు. అనుకోవడం న్యాయమే, మామూలు సంభాషణలో కూడా అంతే. గుమ్మం దగ్గర విరిగిన కుండ ఉంది అని సరదాగా అన్నందుకు మావాళ్లు ఆ కుండ పెంకులన్నీ ఏరి అతికించడానికి అరగంట ఖర్చుపెట్టారు!

అలాగని టెలిగ్రాం వర్గానికి నేను ఓటు వెయ్యను. ఈ ఆటగాళ్ల లోకంలో 1980ల నుంచి తిరుగుతున్న ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. రిచర్డ్ ఆరన్సన్ అనే ఆయన చెప్పింది. ఎరిక్ అనే ఆటగాడికి గేమ్ మాస్టర్, తోటలో ఒక గజీబో కనిపిస్తోందని చెబుతాడు. గజీబో అంటే ఏమిటో ఎరిక్‌కి తెలియదు. తెలియదని ఒప్పుకోడు కూడా. రంగేమిటి అంటాడు, తెలుపు అని జవాబు. ఎంత దూరం? యాభై గజాలు. ఎంత పెద్దది? అదీ అడుగుల్లో జవాబొస్తుంది. చివరికి దాన్ని పలకరించి, పలక్కపోయేసరికి బాణం వేస్తాడు. గజీబో అంటే తోటల్లో కూర్చోవడానికి కట్టే గోడల్లేని చిన్న మంటపం!

ఈ కథ విని అందరూ ఎరిక్‌ని చూసి నవ్వుతారు. నాకు గేమ్ మాస్టర్‌ని చూస్తే నవ్వొస్తుంది. రంగు చెప్పాడు, దూరం చెప్పాడు, కొలత చెప్పాడు. వివరాలకేం కొదవ లేదు. "నలుగురు కూర్చునే మంటపం" అన్న రెండు మూడు మాటలు మాత్రం రాలేదు. అంటే వివరాలు ఎన్ని అన్నది అసలు ప్రశ్నే కాదన్నమాట. విన్నవాడు ఆ వివరంతో ఏం చెయ్యగలడు, ఏం నిర్ణయించగలడు అన్నది ప్రశ్న.

దీనికి మా ఊళ్లోనే మంచి పాఠం ఉంది. సెల్యులర్ జైలు చూడ్డానికి వెళ్లినవాళ్లకి గైడ్లు చెప్పే వర్ణన ఒకసారి వినండి. నరకం, భయంకరం, అమానుషం, గుండెలు పిండేసే... విశేషణాల వాన. ఏళ్లపాటు సాయంత్రం ప్రదర్శనలో అక్కడి రావిచెట్టే కథకుడై గద్గదంగా వినిపించింది. జనం కళ్లు తుడుచుకుని వెళ్లిపోయేవారు. అది అబద్ధం అనను. కానీ "భయంకరం" అనేది వర్ణన కాదు, తీర్పు. తీర్పు ముందే చెప్పేస్తే విన్నవాడికి చెయ్యడానికేం మిగిలింది? తల ఊపడం తప్ప.

అదే జైల్లో ఒక వివరం ఉంది. కొట్టు తలుపుకి గడియ తలుపు మీద ఉండదు. పొడుగాటి ఇనప కమ్మీ తలుపు నుంచి పక్కకి సాగి, గోడలో తొలిచిన గూట్లోకి వెళ్తుంది. తాళం అక్కడ. కటకటాల్లోంచి లోపలి మనిషి చెయ్యి ఎంత చాచినా అందదు. మా పిల్లలకి నేను ఇది మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఒక కుర్రాడు తన చెయ్యి చాచి, మోచెయ్యి మడిచి చూసుకున్నాడు. కాసేపటికి "సార్, ఇది కట్టినోడు ముందే లోపల కూకుని చెయ్యెట్టి చూసుంటాడు" అన్నాడు. ఇరవై విశేషణాలు చెయ్యలేని పని! ఇంకో వివరం: ఏడు రెక్కలు మధ్య బురుజు నుంచి చక్రం ఆకుల్లా సాగుతాయి (ఇప్పుడు మూడే మిగిలాయి). ఒక రెక్క కొట్ల ముఖం ఎదురు రెక్క వీపుని చూస్తుంది. ఎదురుగా ఎవరూ కనబడరు. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టిన ఈ కట్టడం ఉద్దేశమంతా ఆ ఒక్క అమరికలో ఉంది. దానికి "ఏకాంత నరకం" అని పేరు పెట్టాలా వద్దా అన్నది పిల్లలు తేల్చుకుంటారు.

కాబట్టి నా మొదటి పద్ధతి ఇది. గేమ్ మాస్టర్ గొంతు ఆటగాడి కళ్లూ చెవులూ ముక్కూ మాత్రమే. బుర్ర కాదు. "పొద కదులుతోంది, గాలి లేదు" అనాలి. "పొదలో శత్రువు ఉన్నాడు" అనకూడదు. "సముద్రం వాసన ఆగిపోయి, తడి ఆకుల వాసన వస్తోంది" అనొచ్చు. "మీరు దారితప్పారు" అనకూడదు, వాళ్లకి ఆ సంగతి తెలిస్తే కదా! రెండు మూడు వాక్యాలు చెప్పి నోరు మూసుకోవడం, మిగిలింది అడిగితే చెప్పడం. అడిగినదానికి మాత్రం విసుక్కోకుండా, దాచకుండా చెప్పాలి. అడిగితేగాని చెప్పకపోవడం పిసినారితనం అని ఒక ఆక్షేపణ ఉంది. కాదు. ప్రశ్న అడగడమే అక్కడ ఆట.

ఇదేదో అమెరికా సరుకు అనుకోనక్కర్లేదు. బుర్రకథ గుర్తుచేసుకోండి. కథకుడి పక్కన ఇద్దరు వంతలు. కథ కాస్త జోరందుకోగానే ఒకడు అడ్డుపడి అడుగుతాడు, ఇంకొకడు హాస్యమాడతాడు. ఆ అడ్డు లేకపోతే అది బుర్రకథే కాదు. షేక్ నాజర్ చేతిలో ఆ కళ రాజకీయంగా అంత పదునుగా పనిచేసిందంటే కారణాల్లో ఇదొకటని నా నమ్మకం. శ్రోత మనసులో వచ్చే ప్రశ్నని వేదిక మీదే ఒకడు అడిగేస్తున్నాడు. పురాణ కాలక్షేపంలో ఆ సౌకర్యం లేదు. ఇక చందమామలో బేతాళుడి సంగతి వేరు. కావలసినవన్నీ చెప్పి చివర్లో ప్రశ్న వేసేవాడు. గేమ్ మాస్టర్‌గా ఆయనకి తొంభై మార్కులు ఇవ్వొచ్చు. విక్రమార్కుడు ఎదురు ప్రశ్న అడగడానికి వీల్లేదు కాబట్టి పది మార్కులు కోత.

ఇప్పుడు మిత్రుడి ప్రశ్నకి వస్తాను. బాబాకీ గేమ్ మాస్టర్‌కీ తేడా. ఇద్దరూ వివరాలతోనే పనిచేస్తారు. వివరానికి ఉన్న మహత్తు ఏమిటంటే, అది నిజం కాకపోయినా నిజంలా వినబడుతుంది.

ఇది ఊరికే అనడం లేదు. 1983లో ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. కొందరిని, ఉత్తర అమెరికాలో ఎక్కడో ఒకచోట వెయ్యిమందికి పైగా చనిపోయే వరద వచ్చే అవకాశం ఎంత అని అడిగారు. ఇంకొందరిని, కాలిఫోర్నియాలో భూకంపం వచ్చి, దానివల్ల వరద వచ్చి, వెయ్యిమందికి పైగా చనిపోయే అవకాశం ఎంత అని అడిగారు. రెండోది మొదటిదాన్లో ఒక ముక్క. దాని అవకాశం మొదటిదానికంటే ఎక్కువ కావడం లెక్కలో అసాధ్యం. కానీ జనం రెండోదానికే ఎక్కువ అవకాశం ఇచ్చారు. ఎందుకంటే అది కథలా ఉంది! అదే దశకంలో బెల్, లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉత్తుత్తి కోర్టు పెట్టి చూశారు. సాక్షి "ఏవో సరుకులు" అంటే ఒక తీరు, అదే సాక్షి మిఠాయి పేరూ కూల్‌డ్రింక్ పేరూ చెబితే ఇంకో తీరు. నేరానికీ ఆ కూల్‌డ్రింక్‌కీ ఏ సంబంధమూ లేదు. అయినా పేర్లు చెప్పిన సాక్షినే ఎక్కువ నమ్మారు.

రాస్ ఐలాండ్ దెయ్యాల కథలు మీరు వినే ఉంటారు. రాత్రి సరిగ్గా రెండింటికి, పాత బేకరీ దగ్గర, తెల్ల గౌనులో... రెండింటికి అన్నమాట వినగానే చెప్పేవాడు గడియారం చూసినట్టే అనిపిస్తుంది. సందర్శకులకి ఆ ద్వీపంలో రాత్రి బస చెయ్యడానికే వీల్లేదు, మరి చూసిందెవరు అని అడిగేవాళ్లు తక్కువ.

దెయ్యాలు సరే, నవ్వి వదిలెయ్యొచ్చు. 1858 ఏప్రిల్‌లో ఇదే ద్వీపంలో జరిగినదాన్ని నవ్వి వదిలెయ్యలేం. బర్మా రాజ్యం ఇక్కడికి దగ్గరేననీ, అడవిలో పడి పది రోజులు నడిస్తే చేరొచ్చనీ ఖైదీల్లో ఒక మాట పాకింది. దారి తెలుసునన్నవాడు కూడా ఒకడున్నాడు. పది రోజులు! "దూరంగా ఎక్కడో బర్మా ఉంది" అంటే ఎవరూ కదిలేవారు కాదేమో. పది అన్న అంకె కదిలించింది. గుంపులు గుంపులుగా తెప్పలు కట్టుకుని పారిపోయారు. ఇవి ద్వీపాలు, బర్మాకి నేలదారి లేదు. చాలామంది అడవిలో ఆకలికీ, తమ నేల మీదకి వచ్చినవాళ్లని ఎదిరించిన అండమానీల బాణాలకీ చనిపోయారు. వెనక్కి వచ్చి దొరికిపోయినవాళ్లలో ఎనభై మందికి పైగా ఖైదీలని సూపరింటెండెంట్ వాకర్ ఒకే రోజు ఉరితీయించాడు. దూద్‌నాథ్ తివారీ అనే సిపాయి ఒక్కడు అండమానీల మధ్య ఏడాదిపాటు బతికి, 1859 మేలో వాళ్లు అబర్డీన్ మీద దాడికి వస్తున్నారని ముందే బ్రిటిష్‌వాళ్లకి చెప్పి క్షమాభిక్ష సంపాదించాడు. ఆ సంగతి నీతిగా మంచిదా చెడ్డదా అని మావాళ్లు రెండు ఆదివారాలు కొట్లాడుకున్నారు. అది వేరే వ్యాసం.

ఈ పది రోజుల మాటని నేను ఆటలో పెట్టాను. ఎలా పెట్టాలన్నదే ఇక్కడ కీలకం. గేమ్ మాస్టర్‌గా నా గొంతుతో చెప్పలేదు. ఒక పాత్ర చేత చెప్పించాను. గేమ్ మాస్టర్ తన గొంతుతో ఎప్పుడూ అబద్ధం చెప్పకూడదు. పాత్రలు ఎంతైనా చెప్పొచ్చు. ఆటగాళ్లకి ఈ రెండు గొంతులకీ తేడా తెలియాలి. "నీకెలా తెలుసు?" అని పాత్రని అడిగే హక్కు ఉండాలి, అడిగితే ఆ పాత్ర తడబడాలి. "నువ్వెళ్లావా? ఎప్పుడెళ్లావు? మధ్యలో నీళ్లెక్కడ దొరికాయి?" అని ఒక అమ్మాయి అడిగింది. మా పాత్రకి మూడో ప్రశ్నకే నోరు పెగల్లేదు. బాబా దగ్గర ఈ రెండు గొంతులూ ఒకటే. ప్రశ్న అడిగితే భక్తి లేదంటారు. తేడా ఏమిటన్న మిత్రుడికి నేను చూపించేది ఇదే.

మనం ఎంతో మెచ్చుకునే షెర్లాక్ హోమ్స్ కూడా వివరాల దగ్గర ఒకసారి బోల్తాపడ్డాడు. 1890 నాటి "ది సైన్ ఆఫ్ ఫోర్" నవలలో ఆయన ఒక గెజిటీర్ తీసి అండమాన్ గురించి చదువుతాడు. సుమత్రాకి ఎన్ని మైళ్ల దూరమో అంకెతో సహా ఉంటుంది. అదే గుక్కలో ఇక్కడి మనుషులు ప్రపంచంలోకెల్లా పొట్టివాళ్లనీ, నరమాంస భక్షకులనీ వస్తుంది. కథలో అండమానీ పాత్ర గొట్టంలోంచి విషపు ముళ్లు ఊదుతుంది. అండమానీలు వాడింది విల్లూ బాణాలూ. ఊదే గొట్టాలు వాళ్ల దగ్గర లేవు, నరమాంసం తిన్నారన్నదానికి ఆధారమూ లేదు. మైళ్ల లెక్కని చూసి మిగతాదీ గెజిటీర్ సత్యమే అనుకున్న పాఠకులు లక్షల్లో ఉంటారు. అంతకు ఆరు వందల ఏళ్ల ముందు మార్కోపోలో పుస్తకం ఇక్కడివాళ్లకి కుక్క తలలు తగిలించింది. తలల సంగతి ఎవరైనా అనుమానిస్తారు. గెజిటీర్‌ని అనుమానించడం కష్టం. నిజమైన నాలుగు వివరాల మధ్య పెట్టిన అయిదో అబద్ధం, విడిగా చెప్పిన అబద్ధం కంటే ప్రమాదం.

అందుకే ఉత్తర సెంటినల్ విషయంలో నా పద్ధతి కఠినం. పిల్లలకి అక్కడికి వెళ్లాలని సరదా. 2018లో అమెరికా యువకుడు మతప్రచారానికి వెళ్లి చనిపోయాక ఆ సరదా ఇంకా పెరిగింది. ఆటలో పడవెక్కారు. తీరం, పగడపు దిబ్బ, చెట్లు, దూరంగా కొందరు మనుషులు, చేతుల్లో విల్లులు. అక్కడితో ఆపాను. "ఏటి సార్, ఆళ్ల దేవుడెవరు? ఆళ్ల రాజెవరు?" అని అడిగారు. వాళ్ల భాషే బయటివాళ్లెవరికీ తెలియదు, దేవుడి సంగతి నేనెలా చెప్పను? 1991లో మానవశాస్త్రవేత్తల బృందం చేతుల నుంచి కొబ్బరికాయలు అందుకున్నారన్నది తెలుసు, అది చెప్పాను. ఆటే కదా, ఊహించి చెబితే ఏం పోయింది అని ఒక తండ్రి అన్నారు. డ్రాగన్ గురించి ఎంతైనా ఊహించండి, డ్రాగన్‌కి పక్క ద్వీపంలో ఇల్లు లేదు. సెంటినలీలు మనకి యాభై కిలోమీటర్ల దూరంలో నిజంగా బతికున్న మనుషులు. నేను సరదాకి అల్లిన నరబలి కథ ఈ పిల్లల నోట పదేళ్ల తర్వాత "మా సార్ చెప్పారు" అయి తిరుగుతుంది.

ఇదే తీరు జాగ్రత్త సునామీ విషయంలో ఇంకా అవసరమైంది. ఈ పిల్లలు 2004 తర్వాత పుట్టినవాళ్లు. ఇళ్లలో పెద్దవాళ్లందరికీ ఆ డిసెంబరు 26 గుర్తుంది. ఆ ఉదయం ఆరున్నరకి వచ్చిన భూకంపం, కార్ నికోబార్ వైమానిక స్థావరంలో వందమందికి పైగా పోవడం, ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకి పైగా కుంగిపోవడం. నాలుగు రోజుల తర్వాత, డిసెంబరు 30న, మళ్లీ సునామీ రావచ్చని కేంద్ర హోం శాఖ హెచ్చరించింది. అమెరికాలో ఒక ప్రైవేటు సంస్థ చెప్పిన జోస్యం దానికి ఆధారం. తీరాల పొడవునా జనం పరుగులు తీశారు. అది ఉత్త బూటకం అని అప్పటి శాస్త్ర సాంకేతిక మంత్రి కపిల్ సిబల్ ఆ రోజే కొట్టిపారేశారు. సునామీ ఎక్కడ మొదలైందో, ఎంత సేపట్లో వస్తుందో చెప్పని హెచ్చరిక అది. ఇప్పుడు హైదరాబాద్ ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరు నుంచి పనిచేస్తున్న సునామీ కేంద్రం బులెటిన్ చూడండి. భూకంపం ఎప్పుడు, ఎక్కడ, ఎంత తీవ్రత, ఎంత లోతు, ఏ తీరానికి ఏ స్థాయి హెచ్చరిక. విశేషణం ఒక్కటీ ఉండదు. నా దృష్టిలో గేమ్ మాస్టర్లందరూ చదవాల్సిన గద్యం అది.

సునామీని ఆటగా పెట్టమని ఒక తండ్రి, పెట్టొద్దని ఒక తల్లి. ఇద్దరి మాటా సబబే. ఆమె కుటుంబంలో మనుషులు పోయారు. పెట్టాను, కానీ శవాలు లేవు, ఏడుపులు లేవు. కళ్లముందు జరిగే నాలుగు విషయాలు తప్ప ఇంకేమీ వర్ణించనని ఆమెకి ముందే చెప్పాను. ఆమె వచ్చి వెనక కూర్చున్నారు.

ఇక్కడ ఏ వివరం చెప్పాలన్నది కేవలం ఆట సమస్య కాదు. సుమత్రా పక్కన సిములూ అనే ద్వీపం ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామంది పోయారు. అప్పటి నుంచి అక్కడి ముసలివాళ్లు పిల్లలకి "స్మోంగ్" అని ఒక చిన్న కథ చెబుతూ వచ్చారు. నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి తగ్గితే, కొండెక్కు. అంతే కథ. 2004లో దాదాపు డెబ్బై ఎనిమిది వేల జనాభాలో పోయింది ఏడుగురు. ప్రబంధమైతే తొంభై ఏడేళ్లు నిలిచేదా అని నాకు అనుమానం. (మన పత్రికలు మాత్రం అండమాన్ ఆదివాసులు ఏదో ఆరో ఇంద్రియంతో బతికారని రాశాయి. అదే రోజు నికోబారీలు వేలల్లో చనిపోయారు. వాళ్లకి ఆ ఇంద్రియం లేదనా? వాళ్ల ఊళ్లు చదునైన ఒడ్డున, భూకంప కేంద్రానికి దగ్గరగా ఉన్నాయి.)

అయితే ఆ మూడు ముక్కల కథలో ఒక ముక్క అన్నిచోట్లా నిజం కాదు. ఆ రోజు థాయిలాండ్ వైపు ముందు సముద్రం వెనక్కి తగ్గి తర్వాత అల వచ్చింది. భారత్, శ్రీలంక వైపు సాగిన అలకి ముందు భాగమే ఎత్తు. నీళ్లు వెనక్కి వెళ్లడం కోసం చూస్తూ నిలబడితే ఆ వైపు తీరంలో చూడటానికేమీ ఉండదు.

ఆ ఆదివారం నేను చెప్పింది ఇది: "నేల ఊగుతోంది. నిలబడలేకపోతున్నారు. చాలాసేపు ఆగలేదు. కట్టిన పడవలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి." ఆపాను. అందరికంటే ముందు వచ్చిన ప్రశ్న, "సార్, సముద్రం ఎనక్కెల్లిందా?"

"లేదు. మామూలుగానే ఉంది."

అయిదుగురిలో ముగ్గురు గుట్ట వైపు పరిగెత్తామన్నారు. ఇద్దరు, నీళ్లు తగ్గలేదు కదా, పడవలు విడదీసుకుంటాం అన్నారు. పాచిక వెయ్యలేదు. అల ఎటు నుంచి వచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పాను. ఆ ఇద్దరికీ కోపం వచ్చింది. అది మోసం, టీవీలో ఎప్పుడూ ముందు నీళ్లు వెనక్కి వెళ్తాయి అని వాదించారు. అట్లాస్ తీసి, ఆ రోజు అల రెండు వైపులా ఎలా సాగిందో గీసి చూపించాను. అప్పుడు గుట్టెక్కిన ముగ్గురిలో ఒకడు, "మరి మేం ఎంతసేపు ఉండాల సార్ ఇక్కడ?" అన్నాడు. అది నేను చెప్పను, నీ పాత్రకి తెలిసింది ఎంతో అంతే అన్నాను. వెనక నుంచి ఆ తల్లి కల్పించుకున్నారు. "మొదటి అల పోయాక మావోళ్లు సామాను కోసం దిగారు బాబూ. తర్వాతది ఇంకా పెద్దది" అన్నారు. తర్వాత అరగంట సేపు పిల్లలు ఆమెనే ప్రశ్నలడిగారు. ఏ ఒడ్డు, ఎన్ని అలలు, మధ్యలో ఎంత ఎడం, సాయంత్రం దాకా ఏం తాగారు. నేను రాసుకుంటూ కూర్చున్నాను.